తెర మీద పేరు ఎవరిది? అనీటా లూస్ కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక పాటతో మొదలుపెడదాం. నేను పాడను లెండి, భయపడకండి.

గులాబీ రంగు గౌను, మోచేతులు దాటిన గ్లోవ్స్, మెడలో వజ్రాలు, చుట్టూ కోట్లు వేసుకున్న మగాళ్లు, మధ్యలో మార్లిన్ మన్రో. రీల్స్‌లో స్క్రోల్ చేస్తుంటే ఈ క్లిప్ మీకు ఎప్పుడో ఒకప్పుడు కనబడే ఉంటుంది. వజ్రాలే ఆడపిల్లకి అసలైన ఫ్రెండ్స్ అని పాడుతూ ఉంటుంది. ఆ సినిమా పేరు 'జెంటిల్మెన్ ప్రిఫర్ బ్లాండ్స్'. 1953లో వచ్చింది. బ్లాండ్ అంటే బంగారు రంగు జుట్టున్న అమ్మాయి. పెద్దమనుషులకి బంగారు జుట్టు అమ్మాయిలంటేనే మోజు అని టైటిల్‌కి అర్థం.

ఈ సినిమా అనగానే అందరికీ మన్రో గుర్తొస్తుంది. కొంచెం సినిమా పిచ్చి ఉన్నవాళ్లు డైరెక్టర్ హోవర్డ్ హాక్స్ పేరు చెబుతారు. కానీ సినిమాకంటే 28 ఏళ్ల ముందే ఆ బంగారు జుట్టు అమ్మాయిని పుట్టించిన మనిషి ఇంకొకరున్నారు. ఐదడుగులు కూడా లేని, నల్ల జుట్టు కత్తిరించుకున్న ఒక ఆడమనిషి. ఆమె పేరు అనీటా లూస్. నాటకాలు రాసింది, నవలలు రాసింది, మూకీల కాలం నుంచి టాకీల దాకా సినిమాలు రాసింది. ఆమె రాసిన వాటిలో చాలావాటి మీద ఆమె పేరు ఒక్కటే ఉండదు. పక్కన ఇంకో పేరు ఉంటుంది. ఆ పేరు అక్కడికి ఎలా వచ్చింది? ఇవాళ ముఖ్యంగా మాట్లాడుకునేది దాని గురించే.

మొదట్నించీ వద్దాం. అనీటా లూస్ 1888 ఏప్రిల్ 26న కాలిఫోర్నియాలోని సిసన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. ఇప్పుడు ఆ ఊరిని మౌంట్ శాస్తా అంటున్నారు. నాన్న పత్రికలు నడిపేవాడు, నాటకాల వ్యాపారం కూడా చేసేవాడు. డబ్బు చేతిలో నిలిచే మనిషి కాదు. అందుకే చిన్నప్పుడే అనీటా స్టేజీ ఎక్కింది. పిల్లల వేషాలు వేసి ఇంటికి డబ్బు తెచ్చింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. సంపాదించేది తను, ఖర్చుపెట్టే మగాడు ఇంకొకరు. ఈ లెక్క ఆమె జీవితంలో మళ్లీ వస్తుంది.

తర్వాత కుటుంబం శాన్ డియెగో చేరింది. అక్కడ నాన్న నడిపే థియేటర్‌లో నాటకాల మధ్యలో చిన్న చిన్న మూకీ సినిమాలు వేసేవాళ్లు. అవి చూస్తూ అనీటా అనుకుంది, ఇలాంటి కథలు నేనూ రాయగలను కదా అని. ఎవరికి పంపాలి? ఫిల్మ్ డబ్బా మీద కంపెనీ అడ్రస్ ఉంది. బయోగ్రాఫ్ కంపెనీ, న్యూయార్క్. ఆ అడ్రస్‌కే కథ పోస్ట్ చేసింది. కింద సంతకం 'ఎ. లూస్' అని పెట్టింది. రాసింది ఆడపిల్లో మగవాడో అవతలివాళ్లకి తెలియదు. చెక్కు పంపించారు.

అలా అమ్ముడైన తొలి కథల్లో ఒకటి 'ది న్యూయార్క్ హ్యాట్'. 1912లో సినిమాగా వచ్చింది. డైరెక్టర్ డి.డబ్ల్యు. గ్రిఫిత్, హీరోయిన్ మేరీ పిక్‌ఫర్డ్. ఆ రోజుల్లో ఇద్దరివీ పెద్ద పేర్లే. కథ చాలా సింపుల్. తల్లి చనిపోతూ చర్చి పాస్టర్ చేతిలో కొంచెం డబ్బు పెడుతుంది. నా భర్త పిసినారి, నా కూతురికి అప్పుడప్పుడు ఏదైనా ముచ్చటైన వస్తువు కొనిపెట్టండి అని అడుగుతుంది. పాస్టర్ ఆ పిల్లకి ఖరీదైన టోపీ కొనిస్తాడు. ఇక ఊరు ఊరంతా గుసగుసలు మొదలు. ఒక టోపీ, ఒక ఆడపిల్ల, నాలుగు నోళ్లు. అంతే కథ. దీనికి ఆమెకి వచ్చింది 25 డాలర్లు.

ఇక్కడ ఒక సరదా విషయం. ఈ కథ రాసేటప్పటికి తను ఇంకా టీనేజ్‌లోనే ఉన్నానని అనీటా చాలాకాలం చెప్పుకుంది. పుట్టిన సంవత్సరం 1893 అనేది. లెక్కేస్తే అప్పటికి ఆమెకి 24. కాబట్టి ఆమె తన గురించి చెప్పిన కథల్ని మనం కొంచెం ఉప్పు కారం తీసేసి వినాలి. మంచి రచయిత్రి కదా, తన జీవితాన్ని కూడా ఎడిట్ చేసుకుంది!

తర్వాత మూడేళ్లలో వందకి దగ్గరగా కథలు అమ్మింది. 1915లో ఒక పెళ్లి చేసుకుంది, అది కొన్ని నెలలకే ముగిసింది. ఆమె చెప్పిన వెర్షన్ ఏంటంటే, భర్తని జడపిన్నులు తెమ్మని బయటికి పంపించి, ఈలోపు పెట్టె సర్దుకుని వెళ్లిపోయిందట. నిజమో కాదో, సీన్ మాత్రం బాగుంది. అక్కణ్నుంచి హాలీవుడ్. గ్రిఫిత్ ఆమెని జీతానికి పెట్టుకున్నాడు.

ఇప్పుడు టెక్నికల్‌గా ఒక ముఖ్యమైన సంగతి. మూకీ సినిమాలో మాట వినబడదు. అవసరమైన చోట నల్ల కార్డు మీద తెల్ల అక్షరాలతో ఒకటి రెండు లైన్లు చూపిస్తారు. వాటిని టైటిల్ కార్డులు అంటారు. అప్పటిదాకా వాటి పని "మర్నాడు ఉదయం", "ఇంతలో తండ్రి వచ్చెను" లాంటి సమాచారం చెప్పడం. అనీటా స్క్రిప్టుల్లో హాస్యం అంతా మాటల్లోనే ఉండేది. అందుకే గ్రిఫిత్ కొన్నిటిని కొని పక్కన పడేశాడు. చదివి నవ్వుకోవడానికి బాగున్నాయి, కానీ సినిమాకి జనం చదవడానికి రారు కదా అని ఆయన అభిప్రాయం.

ఆ పక్కన పడేసిన కట్టలో ఒక స్క్రిప్టుని బయటికి తీసినవాడు జాన్ ఎమర్సన్. స్టేజీ నుంచి వచ్చిన డైరెక్టర్. దాంతో 1916లో 'హిజ్ పిక్చర్ ఇన్ ది పేపర్స్' తీశాడు. హీరో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్. కార్డుల మీద జోకులు చదివి జనం పడీ పడీ నవ్వారు. అంటే జనం చదవడానికి కూడా వస్తారని తేలిపోయింది. ఫెయిర్‌బ్యాంక్స్ స్టార్ అయ్యాడు. అనీటా సినిమాల మాటల రచయితగా పేరు తెచ్చుకుంది. ఆ ఏడాదే గ్రిఫిత్ తీసిన భారీ సినిమా 'ఇంటాలరెన్స్'కి కూడా టైటిల్ కార్డుల పని ఆమె చేసింది.

సరే. ఎమర్సన్ ఆమెలో టాలెంట్ గుర్తించాడు. ఇది నిజం, ఆ క్రెడిట్ అతనికి ఇవ్వాల్సిందే. తర్వాత ఏమైందో చూడండి. ఇద్దరూ జంటగా పని చేయడం మొదలైంది. సినిమా మీద పేరు 'జాన్ ఎమర్సన్, అనీటా లూస్'. అతని పేరు ముందు. 1919లో పెళ్లి చేసుకున్నారు. 1920లో సినిమా కథలు ఎలా రాయాలో చెప్పే పుస్తకం ఇద్దరి పేరుతో వచ్చింది. 1923లో 'ది హోల్ టౌన్స్ టాకింగ్' అనే నాటకం బ్రాడ్‌వేలో ఇద్దరి పేరుతో ఆడింది. కానీ పొద్దున్నే లేచి పసుపు రంగు కాగితాల మీద పెన్సిల్‌తో రాసేది మాత్రం ఒక్కరే. ఆయన పని ఎక్కువగా సలహా ఇవ్వడం, డబ్బు చూసుకోవడం. డబ్బు అంటే ఆమె సంపాదన కూడా.

మరి ఆమె ఎందుకు ఊరుకుంది? మనకి వెంటనే వచ్చే ప్రశ్న ఇదే. ఆమె జ్ఞాపకాలు చదివితే ఒక సమాధానం కనబడుతుంది. ఆమెకి తన కంటే పెద్దవాడు, కొంచెం నిర్లక్ష్యంగా ఉండేవాడు అంటేనే ఆకర్షణ. తెలివైన ఆడది ఆ తెలివిని దాచుకోవాలని నిజంగానే నమ్మింది. చివరి వయసులో కూడా, ఆడవాళ్లు మగవాళ్ల కంటే తెలివైనవాళ్లే కానీ ఆ ముక్క బయటికి చెప్పకూడదు అన్న ధోరణిలోనే మాట్లాడింది. కాబట్టి ఈమెని ఇవాళ్టి కొలతలతో పోరాట యోధురాలిగా పోస్టర్ వేయడం కుదరదు. ఆమె లొంగింది కూడా, లొంగుతూ నవ్వింది కూడా. ఆ నవ్వు ఎక్కడ బయటపడిందో ఇప్పుడు చూద్దాం.

1920ల మధ్యలో ఒకసారి న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి రైలు ప్రయాణం. ఆ ట్రైన్‌లో బంగారు జుట్టు అమ్మాయి ఒకామె ఉంది. ఆమె చేతిలోంచి పుస్తకం జారితే చాలు, నలుగురు మగాళ్లు పరిగెత్తుకొచ్చి తీసిస్తున్నారు. అనీటా మాత్రం తన బరువైన పెట్టెలు తనే మోసుకుంటోంది. ఒక్కడు కూడా చెయ్యి వేయలేదు. దానికి తోడు, ఆమె ఎంతో అభిమానించే విమర్శకుడు హెచ్.ఎల్. మెంకెన్ కూడా అలాంటి ఒక అమ్మాయి వెనకే తిరుగుతున్నాడు. దేశంలోకెల్లా తెలివైన మగాడే ఇలా ఉంటే మిగతావాళ్ల సంగతేంటి? అనీటా నోట్‌ప్యాడ్ తీసింది. కోపంతో మొదలుపెట్టింది, నవ్వుతూ ముగించింది. అది డైరీ రూపంలో ఉన్న చిన్న కథ. తర్వాత ఆ కాగితాలు మెంకెన్‌కే పంపించింది. ఆయన చదివి, వెంటనే అచ్చుకి ఇవ్వమన్నాడు. తన మీద వేసిన జోకుని ఆయనే మెచ్చుకున్నాడు, అదీ గొప్పే.

1925లో 'హార్పర్స్ బజార్' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆడవాళ్ల ఫ్యాషన్ పత్రిక అది. ఈ సీరియల్ కోసం మగాళ్లు కూడా కొని చదవడం మొదలుపెట్టారు. ఆ ఏడాది చివర్లో పుస్తకంగా వస్తే, మొదటి ముద్రణ చూస్తుండగానే అయిపోయింది. మళ్లీ మళ్లీ వేయాల్సి వచ్చింది. ఎన్నో భాషల్లోకి వెళ్లింది. పెద్ద నవలా రచయిత్రి ఎడిత్ వార్టన్ దీన్ని ఆకాశానికెత్తేసింది.

అంత ఏముంది ఇందులో? హీరోయిన్ లోరలై లీ. ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ నుంచి వచ్చిన అమ్మాయి. చికాగోలో బటన్ల వ్యాపారం చేసే ఒక డబ్బున్నాయన, ఆమెకి చదువు చెప్పించే పేరుతో ఖర్చులన్నీ పెడుతుంటాడు. ఆమె డైరీ రాస్తుంది. స్పెల్లింగులన్నీ తప్పులే. పారిస్‌లో ఐఫిల్ టవర్ పేరుని కంటి నిండా కనబడే టవర్ అనే అర్థం వచ్చేలా రాసేస్తుంది. వియన్నాలో సాక్షాత్తూ ఫ్రాయిడ్ దగ్గరికి వెళ్తుంది. ఆయన ఈమెని పరీక్షించి, నీకు మనసులో అణచుకున్న కోరికలు అంటూ ఏమీ లేవమ్మా, కొంచెం అణచుకోవడం నేర్చుకో, బాగా నిద్రపో అంటాడు. కోరిక పుట్టగానే తీర్చుకునే మనిషికి సైకాలజిస్ట్ ఇంకేం చెబుతాడు!

చదువుతూ చదువుతూ మనకి ఒకటి అర్థమవుతుంది. లోరలైకి స్పెల్లింగులు రావు కానీ లెక్కలు బాగా వచ్చు. ముద్దు మాట గాలికి పోతుంది, వజ్రాల బ్రేస్‌లెట్ చేతికి మిగులుతుంది. ఆమెని తెలివితక్కువది అనుకుంటున్న మగాళ్లే చివరికి జేబులు ఖాళీ చేసుకుంటారు. ఇంతకీ బుర్ర లేనిది ఎవరికి? ఆ ప్రశ్న అడగకుండానే పాఠకుల చేత అడిగించడం అనీటా గొప్పతనం.

ఇప్పుడు మళ్లీ ఎమర్సన్ దగ్గరికి వద్దాం. ఈ పుస్తకం పూర్తిగా అనీటాది. అతని పేరు పెట్టడానికి చోటు లేదు. మొదట ప్రచురణే వద్దన్నాడట. కుదరకపోయేసరికి అంకితం తనకే ఇవ్వమన్నాడు. ఊరికే కాదు, తన ప్రోత్సాహం, మార్గదర్శనం లేకపోతే ఈ పుస్తకమే వచ్చేది కాదు అనే అర్థం వచ్చేలా రాయమన్నాడు. ఆమె సరే అంది. పబ్లిషర్ ఆ పొగడ్తంతా కొట్టేసి, 'జాన్ ఎమర్సన్‌కి' అని మాత్రం ఉంచాడు. ఒక్క కత్తెరతో చరిత్ర సరిగ్గా మిగిలింది.

పుస్తకం హిట్టయ్యేకొద్దీ ఎమర్సన్‌కి జబ్బులు పెరిగాయి. గొంతు పోయిందనేవాడు. భార్య పేరు పెరుగుతుంటే ఆయన మాట పడిపోయింది! ఆయన కోసం రాయడమే మానేద్దామని కూడా అనీటా అనుకుంది. ఇద్దరూ యూరప్ తిరిగారు. ఆయనకి వేరే ఆడవాళ్లతో స్నేహాలు కూడా నడిచాయి, అది ఆమెకి తెలుసు. 1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఎమర్సన్ చేతిలో పెట్టిన డబ్బు చాలావరకు పోయింది. అప్పుడు మళ్లీ పెన్సిల్ పట్టుకుంది ఎవరు? చిన్నప్పుడు స్టేజీ ఎక్కిన ఆ పిల్లే.

1931లో ఎంజీఎం స్టూడియోలో చేరింది. నిర్మాత ఇర్వింగ్ థాల్‌బర్గ్ ఆమెకి వారానికి 1,000 డాలర్లు ఇచ్చాడు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజులవి. మొదటి పెద్ద పని 'రెడ్ హెడెడ్ ఉమన్'. దీనికి ముందు స్క్రిప్ట్ రాసింది మామూలు మనిషి కాదు, 'ది గ్రేట్ గాట్స్‌బీ' రాసిన స్కాట్ ఫిట్జెరాల్డ్. ఆయన దాన్ని మరీ సీరియస్‌గా రాశాడని థాల్‌బర్గ్ అనీటాకి ఇచ్చాడు. పెళ్లయిన బాస్‌ని వలలో వేసుకుని పైకెళ్లే అమ్మాయి కథ. హీరోయిన్ జీన్ హార్లో. ప్రివ్యూలో జనానికి నవ్వాలో వద్దో అర్థం కాలేదు. అప్పుడు అనీటా మొదట్లో ఒక చిన్న సీన్ కలిపింది. హీరోయిన్ తన వేషం, జుట్టు చూసుకుంటూ జోకులేసే సీన్. అది చూడగానే జనానికి సిగ్నల్ అందింది, ఇది కామెడీ, నవ్వొచ్చు అని. రచన అంటే ఇదీ. సినిమా అంతా తిరగరాయక్కర్లేదు, తలుపు దగ్గర ఒక బోర్డు పెడితే చాలు.

1932లో సినిమా హిట్టయింది, గొడవ కూడా అయింది. తప్పు చేసిన ఆడది సినిమా చివర్లో శిక్ష అనుభవించాలి కదా? ఇందులో హాయిగా పారిస్‌లో తేలుతుంది. బ్రిటన్‌లో బ్యాన్ చేశారు. 1934 నుంచి హాలీవుడ్‌లో సెన్సార్ నియమాలు గట్టిగా అమలు కావడానికి దారితీసిన సినిమాల్లో దీని పేరు కూడా చెబుతారు.

1936లో 'శాన్ ఫ్రాన్సిస్కో'. 1906 నాటి భూకంపం చుట్టూ అల్లిన కథ. క్లార్క్ గేబుల్ హీరో. అది పెద్ద హిట్. 1939లో 'ది ఉమెన్'. క్లేర్ బూత్ లూస్ నాటకం ఆధారంగా జేన్ మర్ఫిన్‌తో కలిసి స్క్రీన్‌ప్లే రాసింది. తెర మీద ఒక్క మగాడు కూడా కనబడడు. కానీ మాటలన్నీ మగాళ్ల గురించే!

బయట ఇంత పేరు. ఇంట్లో మాత్రం ఎమర్సన్ ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. 1937లో అతనికి తీవ్రమైన మానసిక జబ్బు అని తేలింది. శానిటోరియంలో చేర్చారు. ఇక్కడ మనం అతన్ని విలన్ చేసి నవ్వుకోవడం న్యాయం కాదు, జబ్బు జబ్బే. అనీటా విడాకులు తీసుకోలేదు. 1956లో అతను చనిపోయేదాకా అతని భార్యగానే ఉంది. ప్రేమా, బాధ్యతా, అలవాటా? బహుశా మూడూ కొంచెం కొంచెం.

కానీ ఒక విషయం గమనించండి. ఎమర్సన్ పక్కన లేని ఏళ్లలో ఆమె పని ఆగిందా? లేదు. 1946లో నటి హెలెన్ హేస్ కోసం 'హ్యాపీ బర్త్‌డే' నాటకం రాసింది. బ్రాడ్‌వేలో 500కి పైగా షోలు ఆడింది. మీద ఒక్కటే పేరు, అనీటా లూస్. 1949లో లోరలై కథ మ్యూజికల్‌గా స్టేజీ ఎక్కింది. జోసెఫ్ ఫీల్డ్స్‌తో కలిసి నాటకం ఆమే రాసింది. హీరోయిన్‌గా వేసిన కారల్ చానింగ్ రాత్రికి రాత్రి స్టార్ అయింది. ఆ వజ్రాల పాట పుట్టింది ఈ స్టేజీ మీదే. పాట లియో రాబిన్, జూల్ స్టైన్‌లది. 1953 సినిమాకి స్క్రీన్‌ప్లే చార్లెస్ లెడరర్ రాశాడు. అంటే మన్రో సినిమాకి మూలం అనీటాది, స్క్రీన్‌ప్లే కాదు. క్రెడిట్ గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇదీ సరిగ్గానే చెప్పుకోవాలి.

1951లో ఫ్రెంచ్ రచయిత్రి కొలెట్ నవల 'జీజీ'ని బ్రాడ్‌వే నాటకంగా మలిచింది. హీరోయిన్ కోసం వెతుకుతుంటే, మాంటె కార్లోలో షూటింగ్‌లో ఉన్న ఒక సన్నటి అమ్మాయిని కొలెట్ చూసి, ఈమే నా జీజీ అంది. పెద్దగా ఎవరికీ తెలియని అమ్మాయి. పేరు ఆడ్రీ హెప్‌బర్న్. ఆ తర్వాతి కథ మీకు తెలుసు.

డెబ్భై ఎనభై ఏళ్ల వయసులో తన జ్ఞాపకాలు పుస్తకాలుగా రాసింది. 1966లో 'ఎ గర్ల్ లైక్ ఐ', 1974లో 'కిస్ హాలీవుడ్ గుడ్‌బై'. ఎమర్సన్ అంకితం సంగతి, డబ్బు సంగతి అన్నీ ఆమె చెప్పుకున్నది ఈ కాలంలోనే. ఏడుస్తూ కాదు, జోకులేస్తూ. అందులో ఎంత నిజం, ఎంత మసాలా అని చరిత్రకారులు ఇప్పటికీ లెక్కలేస్తారు. 1981 ఆగస్టు 18న న్యూయార్క్‌లో చనిపోయింది. 93 ఏళ్లు. పుట్టిన సంవత్సరం ఆమె చెప్పినట్టు రాస్తే 88 అవుతుంది!

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మీలో చాలామంది స్క్రిప్టులు రాస్తున్నారు, షార్ట్ ఫిల్మ్స్ తీస్తున్నారు, వేరేవాళ్ల పేజీలకి కంటెంట్ రాసిస్తున్నారు. నా ఐడియాకి ఇంకొకరి పేరు పడింది అనే బాధ మీకు తెలియనిది కాదు. అనీటా అప్పట్లో ఊరుకుంది, దానికి యాభై ఏళ్ల తర్వాత పుస్తకాలు రాసి లెక్క సరిచేసుకుంది. అన్ని అవకాశాలు, అంత ఆయుష్షు అందరికీ దొరకవు. కాబట్టి పని మొదలుపెట్టే ముందే పేరు ఎక్కడ పడుతుందో, ఎలా పడుతుందో మాట్లాడుకోండి. రాసుకున్న డ్రాఫ్టులు తేదీలతో సహా దాచుకోండి. మొహమాటం పడకండి. ఎదుటివాళ్ల పని మీద మీ పేరు ముందు పడుతుంటే, అప్పుడు కూడా నోరు తెరవండి.

మీరు చూసిన సినిమాల్లో, కథ లేదా మాటలు ఒక ఆడమనిషివి అని ఆలస్యంగా తెలిసిన సినిమా ఏదైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి. అందులోంచి ఒకరి కథ త్వరలో చెప్పుకుందాం. అప్పటిదాకా సెలవు, ఉంటాను మరి.